గురక మాన్పించిన రోజు

నేను ఒక స్పీకరు పెట్టెను. గాజువాకలో మైకుసెట్టు నరసయ్య తన చేత్తోనే చెక్క కోసి, కాగితపు కోను బిగించి నన్ను తయారుచేశాడు. ముప్పై ఏళ్లు పెళ్లి పందిళ్లలో, ఓట్ల సభల్లో, శవయాత్రల ముందు అరిచాను. అబద్ధాన్నీ నిజాన్నీ ఒకే గొంతుతో పలికినందుకు మంచి పేరే వచ్చింది. చివరికి కోను చిరిగి గురక మొదలైంది. నరసయ్య నన్ను మూలకు నెట్టి పాత దుప్పటి కప్పేశాడు.

ఆ మూల నుంచి నన్ను అడిగి తన ఇంటికి తీసుకెళ్లింది హైమ. ఆమెకు ‘ముసురు’ అనే బ్యాండు ఉంది. వాళ్లు వాయించేదాన్ని డూమ్ మెటల్ అంటారట. నాకు కలిపిన గిటారు తీగను ఒకసారి మీటితే, ఆ మోత ఆరిపోయేదాకా రెండో మీటు పడదు. డ్రమ్ము కూడా బస్తా మోసే మనిషి మెట్లెక్కినట్టే నడుస్తుంది. అంతవరకూ అందరూ నన్ను తొందరపెట్టినవాళ్లే. నా అలసటకు తోడు దొరికిందని ప్రాణం కుదుటపడింది.

హైమ వాళ్లమ్మ గోనెసంచుల మిల్లులో పనిచేసి, ఊపిరితిత్తుల నిండా నార దుమ్ముతో పోయింది. ఆమె మీద కట్టిన పాటను ఆదివారం రికార్డు చేయాలి. శుక్రవారం నరసయ్య నన్ను చూడవచ్చి, నా గురక విని మొహం మాడ్చుకున్నాడు. మర్నాడు హైమ డ్యూటీలో ఉండగా కొత్త కోను అంటించి పోయాడు. ఆదివారం గుమ్మంలో గర్వంగా నిలబడ్డాడు.

“నా సేతి పెట్టె గురకెడితే నా పరువేటవ్వాలమ్మా? ఇప్పుడు సూడు, గంటలా పలుకుతాది.”

గంటలాగే పలికాను. హైమ ఒకసారి మీటింది. పాట ఎత్తుకోలేదు. రెండోసారి మీటి, గిటారు దించేసింది.

“బాబాయ్, ఆ గురక మా అమ్మది. ఆకరి నెల్లో ఆవిడ ఊపిరి అచ్చం అలాగే ఉండీది. అదింటూ ఉంటేనే పాడగలను.”

నరసయ్య నా ముందు చతికిలబడి, జేబులోంచి బ్లేడు తీశాడు. జీవితమంతా గరగరతో పోట్లాడినవాడు కొత్త కోనును తానే కోశాడు. నాకు నొప్పేసింది.

“ఇంకా కొయ్యాలేటమ్మా?”

హైమ మీటింది. ఇంకాస్త కోశాడు. మూడోసారికి ఆమె కళ్లు మూసుకుంది.

“సాలు బాబాయ్. వచ్చీసింది.”

పాట పదకొండు నిమిషాలు సాగింది. నరసయ్య గుమ్మంలోనే నిలబడి కళ్లు తుడుచుకుంటూ విన్నాడు. ఇప్పుడు నన్ను బాగుచేయిద్దామని ఎవరైనా అంటే ముందుగా ఆయనే కసురుతాడు. నేను బాగా అలసిపోయాను. అయినా ఆ తల్లి ఊపిరి నాలో ఆడుతున్నంతకాలం పాత సామాన్లోకి పోవాలని లేదు.