నున్నటి గడియ

శ్రీరంగప్ప చేతికి ఇనుమిచ్చినా ఇత్తడిచ్చినా అద్దమై తిరిగొస్తుందని కుందుర్పిలో అందరూ అనేవారు. ధర్మవరంలో ఇరవై ఏళ్లు మగ్గాల సామాన్లకు మెరుగు పెట్టిన చెయ్యి అది. మగ్గంలో పోగును అటూ ఇటూ నడిపే నాడె మొన మీద ఇసుక రేణువంత గరుకు మిగిలినా పట్టుపోగు తెగుతుంది. పోగు తెగితే నేతగాడు అమ్మనా బూతులు తిడతాడు. ఆ తిట్లు తినీ తినీ ఆయనకు గరుకంటేనే ఒళ్లుమంట పట్టుకుంది. పని తగ్గి సొంతూరు చేరినా ఆ మంట మాత్రం తగ్గలేదు.

ఉగాదికి ఇంటి తలుపు గడియను కూడా వదల్లేదు. గడియ జారకుండా పట్టి ఉంచడానికి కమ్మరి పెట్టిన గంటును చూసి, ఎవడో చేతగాని పని చేశాడనుకుని, దాన్నీ సాఫు చేసి పారేశాడు. అప్పట్నుంచీ భార్య హనుమంతమ్మ నోటికి పని దొరికింది.

"గడియలో మొగం చూసుకుంటే కడుపు నిండుతాదా? గాలి కొడితే దానంతకదే జారిపోతాండాది. ఇల్లు కుక్కలకి అప్పజెప్పినావు."

"మెరుగు ఎట్లుండాదో చూడు మే, ఊరికే అరుస్తావు," అనేవాడు ఆయన. పనిమంతుడికి మొండితనం కూడా పనిముట్టే అనుకునేవాడు పాపం.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వేరుశనగ చేలు ఎండి ఆకు రాలిపోయింది. దసరా ఇంకా నాలుగు రోజులుందనగా అల్లుడు ఎర్రిస్వామి గుడ్డమూట పట్టుకుని వచ్చాడు. అతను శ్రీరంగప్పకు సొంత అక్క కొడుకు, కూతురు రామాంజినమ్మ మొగుడు. మూడు మైళ్ల అవతలి ఊళ్లో చెన్నప్ప అనే పెద్దరైతు వెనక తుపాకీ పట్టుకుని తిరగడం అతని ఉద్యోగం. చెన్నప్పకు పొలం ఎంతుందో, పగవాళ్లూ అంతమందే ఉన్నారు.

మూట విప్పితే తుపాకీ లోపలి భాగాలు. మడకశిర కమ్మరి కొత్తగా కొట్టిచ్చినవి. నల్లగా, పొక్కులు పొక్కులుగా, ఆకురాయి గీతలతో ఉన్నాయి.

"ఆయుధపూజకి అద్దం మాదిరి ఉండాలన్నాడు మామా, చెన్నప్పన్న."

"పూజకైతే పైన మెరిస్తే చాలదా? లోపలివి ఎందుకురా?"

ఎర్రిస్వామి ఇంటి లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "పోయిన నెల వంక కాడ పగోళ్లు అడ్డం పడినారు. పాత సామాను తుప్పుకి బిగుసుకొని తుపాకీ పేలలా. పరిగెత్తబట్టి బతికినా."

ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. రామాంజినమ్మకు ఏడో నెల.

"ఆ కొలువు ఇడిసిపెట్టరా."

"ఇడిసిపెడితే వాళ్లు నన్ను ఇడిసిపెడతారా మామా? ఇప్పుడు నేను వాళ్లకి ఎర్రిస్వామిని కాదు, చెన్నప్ప మనిషిని."

శ్రీరంగప్ప మూట దగ్గరికి లాక్కుని పనిలో కూర్చున్నాడు. మూడు రోజులు అరుగు దిగలేదు. ముందు గరుకు కాగితం, తర్వాత ఇటుకపొడి, నూనె, చివరికి తోలుముక్క. ఈసారి ఏదీ బిగుసుకోకూడదు, బిగుసుకుంటే పిల్లోడు చస్తాడు, అదొక్కటే మనసులో. ప్రతి ముక్కలోనూ తన మీసం వెంట్రుకలు లెక్కకు వచ్చేదాకా రుద్దాడు. తుపాకీలో ఎత్తిపెట్టిన సుత్తిని, మీట నొక్కేదాకా పడకుండా పట్టి ఉంచే చిన్న ముక్క ఒకటుంది. దాని కొసన పదునైన గంటు గోటికి తగిలింది. పట్టుపోగు తెగే చోటు ఇట్లాగే తగులుతుంది. వేలు దానంతటదే అటు పోయింది. గంటు అరిగి నున్నబడేదాకా రుద్ది, తృప్తిగా ఊపిరి వదిలాడు.

పండగ పొద్దున ఎర్రిస్వామి వచ్చి అరుగు మీదే తుపాకీ బిగించాడు. సుత్తి ఎత్తితే ముందు కటుక్కుమనేది, ఇప్పుడు చప్పుడే లేదు.

"వెన్న మాదిరి ఉండాది మామా!" అని మురిసిపోయాడు. సుత్తి మెల్లగా దించి, భుజాన వేసుకుని, మామ కాళ్లకు మొక్కి వెళ్లిపోయాడు.

శ్రీరంగప్ప లోపలికి వచ్చి, గడియ వేసి, మంచం మీద నడుం వాల్చాడు. మూడు రోజుల తర్వాత కన్ను మూతబడింది. అప్పుడొచ్చింది గాలి. ఎండిన చేల మీది దుమ్మంతా ఎత్తుకొచ్చి తలుపును ఒక్క తోపు తోసింది. గడియ చప్పుడు లేకుండా జారి, తలుపు గోడకు కొట్టుకుంది.

"చూడు, మల్లా జారె. పట్టుకునే గంటు నువ్వే తీసేస్తివి, ఇంక అదెట్ల నిలుస్తాది?" వంటింట్లోంచి హనుమంతమ్మ అంది.

శ్రీరంగప్ప లేచి కూర్చున్నాడు. గడియ వైపు చూశాడు, తుపాకీ ముక్క గంటును అరగదీసిన తన బొటనవేలు వైపు చూశాడు. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు.

మూడు మైళ్లు. పల్లేరుకాయలు గుచ్చుకున్నా ఆగలేదు. ముట్టుకున్నా ఆ సుత్తి పడుతుంది. ముట్టుకోకున్నా, అదిరితే చాలు, పడుతుంది. పూజయ్యాక గుమ్మడికాయ కొట్టి, గాల్లోకి ఒక దెబ్బ పేల్చడం చెన్నప్ప ఇంటి ఆనవాయితీ. అది పేలేలోపు పోవాలి. దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు, వాళ్లలో ఎవరికీ ఇంతవరకూ సరిగ్గా దండం పెట్టిన మనిషి కాదు.

చెన్నప్ప వాకిట్లో గుమ్మడికాయ అప్పుడే పగిలింది. కుంకుమ నీళ్లు పారుతున్నాయి. గట్టు మీద ఎర్రిస్వామి మందు దట్టించి, సుత్తి ఎత్తి, తుపాకీ ఒళ్లో పెట్టుకుని చెన్నప్ప సైగ కోసం చూస్తున్నాడు. గొట్టం ఆకాశానికే ఉంది. అంతవరకూ దేవుడు చల్లగానే చూశాడు.

"ఒరే, కదలొద్దురా! దాన్ని కదిలించొద్దు!"

డప్పుల మోతలో మాట చేరలేదు. మనిషి మాత్రం కనబడ్డాడు. పిల్లనిచ్చిన మామ పండగపూట గడప తొక్కుతుంటే కూర్చుని ఉండే అల్లుడు ఆ సీమలో లేడు. ఎర్రిస్వామి మొహం వెలిగిపోయింది. మర్యాదకు గబుక్కున లేచాడు. లేవడానికి ఊతగా తుపాకీ మడమను నేలకు ఆనించాడు. గొట్టం గడ్డం కిందికి వచ్చింది.

"మామా, రా—"

ఆ చప్పుడుకు డప్పులు ఆగిపోయాయి.

పగవాళ్లెవరో చేయించారని ఊరంతా అంది. చెన్నప్ప ఇంకో మనిషిని పెట్టుకున్నాడు. మెరుగు మెచ్చుకుంటూ అదే తుపాకీ ఇచ్చాడని కూడా విన్నారు. శ్రీరంగప్ప వెళ్లి జరిగింది చెబితే, ముసలాయనకు మతి చలించిందని గేటు దగ్గరి నుంచే పంపేశారు.

పదకొండో రోజు రామాంజినమ్మ పుట్టింటికి వచ్చి లోపల పడుకుంది. శ్రీరంగప్ప ఆకురాయి తీసుకుని గుమ్మం దగ్గర కూర్చున్నాడు. అద్దంలా ఉన్న గడియ మీద లోతుగా, వంకరగా ఒక గంటు కోశాడు. తలుపు మూసి, ఒకసారి లాగి చూశాడు. గట్టిగా పట్టుకుంది. లోపలి నుంచి కూతురు నిద్రమత్తులో అడిగింది.

"ఎవరు నాయనా తలుపు లాగుతాండారు? నీ అల్లుడు వచ్చినాడా?"