ఆవాల డబ్బాలో అధ్యక్షుల నీలం

నేను ఒక నీలం రాయిని. నన్ను కన్నది భూమి కాదు, మంట. ఒక కర్మాగారంలో తెల్లని అల్యూమినియం ఆక్సైడు పొడికి రవ్వంత ఇనుమును, రవ్వంత టైటానియంను చేర్చి, భగభగ మండే హైడ్రోజన్ జ్వాలలోంచి కిందికి రాల్చారు. ఆ పొడి కరిగి, బొట్టు మీద బొట్టుగా పేరుకుని, కొన్ని గంటల్లో చిన్న దుంపలాంటి స్ఫటికమైంది. అందులో ఒక ముక్కను నేను. గనిలో దొరికే నా జ్ఞాతులకూ నాకూ పదార్థంలో తేడా లేదు. వారికి యుగాలు పట్టిన పని నాకు ఒక పూటలో ముగిసింది, అంతే. అందుచేత నన్ను నకిలీ అనడం న్యాయం కాదు. నకిలీది ఏదైనా ఉంటే అది నన్ను గురించి అల్లిన కథ.

ఆ కథ పుట్టింది విజయవాడలో, పానకాలరావు అనే రత్నాల వ్యాపారి దుకాణంలో. అక్కడ గోడ పొడుగునా అమెరికా అధ్యక్షుల పటాలు వరుసగా వేలాడేవి. వాటికి రోజూ అగరుబత్తి వెలిగేది. ఇందరు అధ్యక్షులు ఇంతింత ఆస్తిపరులు ఎలా కాగలిగారని ఆయన గిరాకీలను అడిగేవాడు. వారు తెల్లముఖం వేసేదాకా ఆగి, అంతా నీలం చలవ అని తానే జవాబు చెప్పేవాడు. పటాలన్నీ ఛాతీ వరకే ఉండేవి. ఒక్క అధ్యక్షుడి వేలు కూడా కనిపించేది కాదు. ఆ సంగతి అడిగినవారు నా ఎరుకలో లేరు.

తెనాలి నుంచి వచ్చిన వీరరాఘవులు కూడా అడగలేదు. అతనికి ఒక పిండిమర ఉంది. నిజానికి అది అతని భార్య మంగతాయారుది. ఆమె తండ్రి నడిపిన మర. అల్లుడు ఆ ఇంటికే వచ్చి స్థిరపడ్డాడు. మర మీద కుటుంబం చల్లగానే బతుకుతోంది. కాని అతనికి ఆ చల్లదనం చాలలేదు. నేను అచ్చివస్తే మర అమ్మేసి నన్ను కొంటానని పానకాలరావుకు మాట ఇచ్చి, కొంత ధరావతు కట్టాడు.

అచ్చివస్తానో లేదో చూడడానికి ఒక ఆనవాయితీ ఉంది. నీలం అందరికీ పడదని, పడనివారిని నిలువునా ముంచుతుందని నమ్మిక. కాబట్టి కొనేముందు దానిని నీలిగుడ్డలో కుట్టి, జబ్బకు కట్టుకుని వారం రోజులు గమనిస్తారు. మేలు జరిగితే ఉంచుకుంటారు, కీడు జరిగితే తిరిగి ఇస్తారు. ఇదీ ఒక ప్రయోగమే. పోల్చి చూసుకోవడానికి పక్కన మరొకటి ఉండదు, లోపమల్లా అదే.

అలా నేను వీరరాఘవులు జబ్బన తెనాలి చేరాను. ఆ జబ్బన ఉన్నది మాత్రం మరునాటి ఉదయం దాకానే. అతను తాయెత్తు విప్పి గూట్లో పెట్టి స్నానానికి వెళ్ళగానే, మంగతాయారు కుట్టు ఊడదీసి, నన్ను తీసి ఆవాల డబ్బాలో దాచింది. నా స్థానంలో ఇంచుమించు నా అంతే ఉన్న ఒక చింతగింజను పెట్టి మళ్ళీ కుట్టింది. ఆమెకు నా శక్తి మీద అనుమానం లేదు. ఉన్నదల్లా భయం.

ఆ వారమంతా నేను ఆవాల మధ్య హాయిగా ఉన్నాను. నన్ను ఎవరూ ఏమీ కోరని రోజులు అవే మొదలు. నాలుగోనాడు మర ముందు రిక్షా ఆగింది. పెళ్ళివంటల గుత్తేదారు ఒకాయన దిగి, ఈ ముహూర్తాల కారమూ శనగపిండీ అంతా ఇక్కడే ఆడిస్తానని చెప్పి వెళ్ళాడు. వీరరాఘవులు జబ్బన ఉన్న తాయెత్తును తాకి కళ్ళకద్దుకున్నాడు. ఆ సాయంత్రమే మరకు బేరం కుదుర్చుకుని వచ్చాడు. మంచి గిరాకీ తెచ్చిపెట్టిన మరను, ఆ గిరాకీ వచ్చిన రోజునే! మనుషుల తర్కం మా స్ఫటికాల అమరిక వంటిది కాదు.

మంగతాయారు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. అసలు సంగతి చెబితే మొగుడు తల ఎత్తుకోలేడు. చెప్పకపోతే నాన్న మర పరాయివాడిదవుతుంది. తానే చెప్పలేక, గోధుమలు ఆడించుకోవడానికి వచ్చిన ఇస్మాయిల్ మాస్టారిని, మర అమ్మవద్దని మొగుడికి ఒక మాట చెప్పమని బతిమాలింది. ఆయన రిటైరైన ఫిజిక్సు లెక్చరరు.

మాస్టారు బల్ల మీద కూర్చుని, వీరరాఘవులు నీలం మహిమ ఏకరువు పెట్టగా విని, అధ్యక్షుల ఆస్తుల చరిత్ర ఓపికగా విప్పారు. మొదటి అధ్యక్షుడు వాషింగ్టన్ కుర్రతనంలోనే భూములు కొలిచే పని చేశాడు, మంచి నేల ఎక్కడుందో ముందే ఎరిగి కొన్నాడు, కలిగిన వితంతువును పెళ్ళాడాడు, ఆ పొలాల్లో బానిసల చేత చాకిరీ చేయించాడు. హూవర్ గనుల ఇంజనీరుగా గడించాడు. ఇందులో రాయి ఎక్కడుందని మాస్టారు అడిగారు.

“ఆ భూములు ఆయనకే ఎందుకు కలిసిరావాలండీ? అక్కడుంది రాయి,” అన్నాడు వీరరాఘవులు.

“మరి అధ్యక్షుడు గ్రాంట్ దివాలా తీశాడే? గొంతు క్యాన్సరుతో మంచాన పడి, తన జ్ఞాపకాలు రాసి, ఆ సొమ్ము పెళ్ళానికి మిగిల్చి పోయాడు.”

“అప్పటికి ఉంగరం తీసేసుంటాడు.”

“ట్రూమన్ పెట్టిన బట్టల కొట్టు మునిగిందయ్యా. పదవి దిగాక అత్తవారింట్లోనే కాపురం.”

“ఆయనకి నీలం పడుండదు మాస్టారూ.” ఆ మాట అన్నాక వీరరాఘవులు తానున్న అత్తవారింటి దూలాలకేసి ఒకసారి చూశాడు.

గెలిస్తే రాయి ఉన్నట్టు, ఓడితే రాయి తీసేసినట్టు. అలాంటి వాదాన్ని ఏ సాక్ష్యమూ తాకలేదని మాస్టారికి తెలుసు. గోధుమపిండి సంచి భుజాన వేసుకుని లేవబోయారు. మర కొనేవాళ్ళు మర్నాడే బయానా ఇస్తారు.

అప్పుడు మంగతాయారు మర ఆపింది. ఆ నిశ్శబ్దంలో ఆమె గొంతు డబ్బాలోని నాకు స్పష్టంగా వినిపించింది.

“ఏవండీ, మీ జబ్బన ఉన్నది రాయి కాదు. చింతగింజ.”

వీరరాఘవులు నవ్వబోయాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి, డబ్బా తెచ్చి, ఆవాలు చేటలో పోసింది. నేను బయటపడ్డాను.

“నీలం పడకపోతే మనిషికే ముప్పంటారు కదా. మీకేమన్నా అయితే నేనేం గాను? తెచ్చిన మర్నాడే మార్చేశాను.”

అతను తాయెత్తును నొక్కి చూసుకుని, “మరి ఆ గుత్తేదారో?” అన్నాడు.

“పోయిన నెల మర రాళ్ళకి గాట్లు కొట్టించాను. మీరు చూళ్ళేదు. పిండి మెత్తగా వస్తోందని ఆయనంతట ఆయనే వచ్చాడు.”

మాస్టారు సంచి దించి మళ్ళీ కూర్చున్నారు. “ఇన్నేళ్ళు ప్రయోగాలు చేయించాను గాని, ఇది నాకు తట్టలేదమ్మా.”

“ప్రయోగం కాదు మాస్టారూ, భయం.”

“ఏదైతేనేం. రాఘవులూ, మర అమ్మేసి చింతతోపు కొంటావా ఏంటి?”

వీరరాఘవులు ఆ సాయంత్రమే బేరం వదులుకున్నాడు. కుట్టు విప్పిన రాయికి మహిమ పోతుందని పానకాలరావు నన్ను వెనక్కు తీసుకోలేదు. తీసుకున్న ధరావతూ తిరిగి ఇవ్వలేదు. నన్ను మాస్టారు సూక్ష్మదర్శిని కింద చూసి, లోపలి వంపుగీతలు గుర్తుపట్టి, ఇది కొలిమిలో చేసిన రాయని చెప్పారు. “అందుకేనన్నమాట పనిచెయ్యలేదు!” అన్నాడు వీరరాఘవులు. మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

మాస్టారి చలవన ఇప్పుడు నేను ఒక పాఠశాల ప్రయోగశాలలో, ఇత్తడి పిడికి అమర్చి ఉన్నాను. పిల్లలు నాతో గాజుపలక మీద గీత గీసి, కాఠిన్యమంటే ఏమిటో నేర్చుకుంటారు. చేయగలిగినదే నన్ను అడుగుతున్నారు. అడిగిన ప్రతిసారీ చేస్తున్నాను. ఇంతకన్న గౌరవం ఏ రాయికైనా ఏముంటుంది? నన్ను కన్న మంటకు, దాచిన ఆవాలకు, ఒక ఇల్లాలి భయానికి నేను రుణపడి ఉన్నాను.

అందరికన్న ఎక్కువగా ఆ చింతగింజకు. మొన్న ఇక్కడికి వచ్చిన మాస్టారు ఎవరితోనో చెబుతుండగా విన్నాను: వీరరాఘవులు దానిని ఇంకా జబ్బనుంచి విప్పలేదట. కలిసొచ్చిన వస్తువును ఎందుకు తీయాలని అన్నాడట. నాకు అసూయ లేదు. నా బరువు అది మోస్తోంది.