నమిలిన ముద్ద

నాన్న పనిచేసే లాండ్రీలో ఎవరో కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళు తాగే నీళ్ళ సీసాలో పోసిపెట్టారు. దాహంతో వచ్చిన ఆయన అది ఎత్తి గుక్కెడు తాగాడు. ప్రాణం దక్కింది కానీ అన్నవాహిక కాలి మూసుకుపోయింది. డాక్టర్లు పొట్టకు చిన్న రంధ్రం చేసి, జీర్ణాశయంలోకి గొట్టం పెట్టి పంపారు.

వచ్చేటప్పుడు నర్సు ఒక మాట గట్టిగా చెప్పింది. జావ ఒక్కటే పోసుకుంటే చాలదు. అన్నం నోట్లో బాగా నమిలి, గిన్నెలోకి తీసి, నీళ్ళతో పలచన చేసి గరాటుతో గొట్టంలో పోసుకోవాలి. నాలుకకు రుచి తగిలితేనే కింద జీర్ణాశయం మేలుకుంటుంది, ఆకలి పుడుతుంది. చిన్నకూతురు బళ్ళో ఆ పాఠం చదివింది. నాన్న పక్కనే కూర్చుని లాలాజలం మొదలుకొని చిన్నపేగు దాకా అన్నం వెళ్ళే దారి చెప్పేది.

"మధ్యలో వంతెన కూలిందిగా. ఇక నా అన్నానికి దొడ్డిదారే గతి" అనేవాడు నాన్న.

నవ్వేది వాళ్ళిద్దరే. ఇల్లు పెదనాన్నది. అందరూ ఒకే బల్ల దగ్గర తినాలి. వారం తిరక్కుండానే పెద్దమ్మ బయటపడింది.

"ఏమనుకోకు మరిదీ, నువ్వట్లా ఉమ్ముతుంటే నా పిల్లలకి తిండి సయించట్లేదు. వెనకగదిలో అయితే గాలి కూడా బాగా వస్తుంది."

అమ్మ తల వంచుకుని వడ్డిస్తూనే ఉంది. ఈ నీడ కూడా పోతే ఎక్కడికెళ్తారు? కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది.

వెనకగదిలో నాన్న నమలడం మానేశాడు. ఇంత జావ పోసుకుని పడుకునేవాడు. చూస్తుండగానే బుగ్గలు లోతుకు పోయాయి, చొక్కా కొయ్యకు తగిలించినట్టు వేలాడింది. ఇలాగే చిక్కిపోతే మనిషి దక్కడని నర్సు అమ్మకు చెప్పేసింది.

నోట్లో నాలుక లేని పిల్ల అని అందరూ అనే చిన్నది, ఆ పూట బల్ల దగ్గర లేచి నిలబడింది.

"నాన్నని ఇక్కడికి పిలవండి పెద్దమ్మా. ఒక్కడే అయితే తినడు."

పెద్దమ్మ కూరగిన్నె తన వైపు జరుపుకుంది. "అంత ప్రేమ కారిపోతుంటే నువ్వే వెళ్ళి ఎదురుగా కూర్చుని తిను. వద్దన్నదెవరు?"

చిన్నది కంచం పట్టుకుని వెళ్ళింది. నాన్న మొహం విప్పారింది. గబగబా గిన్నె, గరాటు కడిగి తెచ్చుకున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఇష్టంగా నమిలాడు. చిన్నది కూడా ఒక ముద్ద పెట్టుకుంది. నాన్న గిన్నె మీదికి వంగాడు. నమిలిన అన్నం జిగటగా తీగ సాగుతూ జారింది.

అంతా పాఠంలో ఉన్నదే. తను బొమ్మ గీసి, పేర్లు రాసి, మార్కులు తెచ్చుకున్నదే. అయినా ఆమె నోట్లో అన్నం ఉన్నచోటే ఆగిపోయింది. మింగాలని చూసింది. దిగలేదు. చేయి దానంతటదే నోటికి అడ్డం వెళ్ళింది.

నాన్న చూశాడు. మూతి తుడుచుకుని, గిన్నె మీద మూత పెట్టాడు.

"నాకివాళ ఆకలి లేదమ్మా. నువ్వెళ్ళి బల్ల దగ్గర తిను."

వెళ్ళకూడదని ఆమెకు తెలుసు. వెళ్ళింది. పెద్దమ్మ ఏమీ అడక్కుండా కుర్చీ జరిపింది.