చెట్ల మీది ఫోన్లు మోగలేదు

"ఫోన్లు ఆపింది నువ్వే. ఎవరి కోసం ఆపావో చెప్పు," అన్నాడు రేంజర్. "పోలీసులు దారిలో ఉన్నారు."

అటవీ ఆఫీసులో టెక్నీషియన్ అతని బల్ల ముందు నిలబడి ఉన్నాడు. వాగు ఒడ్డున ఉన్న పెద్ద తొర్రచెట్లను నిన్న వానలో ఎవరో నరికేశారు. ఆ తొర్రల్లో పెద్దముక్కు పిట్టలు పొదుగుతున్నాయి. ఆడపిట్ట లోపలే ఉండి తొర్ర నోటిని మట్టితో మూసుకుంటుంది. మగది సన్నని సందులోంచి పండ్లు అందిస్తుంది. చెట్లు కూలితే తల్లులూ పిల్లలూ బయటికి రాలేకపోయాయి. పొద్దున్న టెక్నీషియన్ వెళ్ళేసరికి ఒక మగపిట్ట ముక్కున పండుతో, చెట్టు ఉండాల్సిన చోట గాలిలో చక్కర్లు కొడుతోంది.

అడవిలో చెట్లకు పాత ఫోన్లు కట్టింది అతనే. రంపం చప్పుడు వినిపిస్తే చాలు, ఆఫీసులో అందరి ఫోన్లూ మోగాలి. నిన్న ఒక్కటీ మోగలేదు.

"మా బామ్మర్ది అడవికి చెవులు పెట్టాడు సార్, వినడం నేర్పడం మర్చిపోయాడు," అన్నాడు గుమ్మానికి ఆనుకున్న జీపు డ్రైవరు. టెక్నీషియన్‌కి సొంత బావ, అక్క మొగుడు.

ఆ వాగు వైపు గార్డు ఆ అక్కే. కిటికీ పక్కన తల దించుకుని కూర్చుంది. పాపకు జ్వరమని నిన్నంతా సెలవు పెట్టి ఆసుపత్రిలో ఉంది.

"ఆపి ఉంటే రికార్డింగే ఉండదు కదా సార్. ఒక్క నిమిషం." టెక్నీషియన్ ల్యాప్‌టాప్ తెరిచాడు. వాగు దగ్గరి ఫోన్ పంపిన శబ్దాలు వరసగా ఉన్నాయి. వాన, ఉరుము, మళ్ళీ వాన. ఆ తర్వాతి దాని పక్కన ఫోన్ తనంతట తానే పెట్టుకున్న గుర్తు: 'మనది'.

అతను ఆ గుర్తును మళ్ళీ చదివాడు. గాలివానకు రోడ్డుకు అడ్డంగా పడ్డ చెట్లను కోయడానికి ఆఫీసుకో మోటారు రంపం ఉంది. దాన్ని బయటికి తీసినప్పుడల్లా ఫోన్లు గగ్గోలు పెట్టేవి. ఆ గోల భరించలేక అందరూ కలిసి దాని గొంతును ఫోన్లకు నేర్పారు. ఇది మనదే, ఇది వినిపిస్తే అరవొద్దు అని.

రికార్డింగ్ పెట్టాడు. రంపం దగ్గింది, ఆగింది, మళ్ళీ దగ్గి అందుకుంది. ఆ దగ్గు ఆ గదిలో అందరికీ తెలుసు.

"మన రంపమే," అన్నాడు రేంజర్ మెల్లగా. "ఇంటిదొంగని ఈశ్వరుడే పట్టలేడు, ఇక ఫోనేం పట్టుకుంటుంది. రంపం ఉండే స్టోరు తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"మీ అక్క దగ్గరే కదా బామ్మర్దీ," అన్నాడు బావ, పెదాల మీద నవ్వు చెరగనివ్వకుండా. "చూసుకుని మాట్లాడు. నువ్వు గట్టెక్కాలని తోడబుట్టినదాన్ని ముంచకు."

టెక్నీషియన్ అక్క వైపు చూశాడు. ల్యాప్‌టాప్ మూసేశాడు.

"ఫోన్లు నేనే ఆపానని రాసుకోండి సార్."

"నోర్ముయ్‌రా," అంది అక్క. లేచి నిలబడింది. "తాళం ఇంట్లో మేకుకు తగిలించి వెళ్ళాను సార్. తిరిగొచ్చేసరికి పాలగిన్నె పక్కన పడుంది. వాకిట్లో బూట్ల నిండా తడి రంపపుపొట్టు. పాప తొక్కుతుందని నేనే కడిగాను. ఏ చెట్టుదని అడగలేదు. పొద్దున్న ఆ తొర్రలు చూశాక కూడా అడగలేదు."

"పాప మొహం చూసి మాట్లాడవే," అన్నాడు బావ. ఇప్పుడు నవ్వడం లేదు.

"నా తమ్ముడి మొహం కూడా చూశాను."

రేంజర్ పెన్ను తీశాడు. "ఆ బూట్లు ఎవరివో సూటిగా చెప్పమ్మా."

అక్క గుమ్మం వైపు తిరగలేదు.

"మా ఆయనవి సార్. చెట్లు నరికింది మీ జీపు డ్రైవరే."