తూర్పు కిటికీ వెనక

ట్రైపాడ్ కాళ్ల కింద ఇటుక ముక్కలు సర్ది, మెడలోని తువ్వాలు కొసతో లెన్సు తుడిచి, జీవరాజు బటన్ నొక్కాడు. కెమెరాను కొద్దిగా తిప్పి మళ్లీ నొక్కాడు. ఒక ఫొటో చివర పడిన నీళ్ల ట్యాంకు తర్వాతి ఫొటో మొదట్లోనూ పడాలి. లేకపోతే అన్నిటినీ కలిపి ఒకే పొడుగాటి బొమ్మగా అతికేటప్పుడు ట్యాంకు సగానికి తెగిపోతుంది. మొదలుపెట్టిన చోటికి తిరిగి వచ్చేసరికి మోకాళ్లు మొరాయించాయి. నాలుగో అంతస్తు స్లాబు మీదికి ఎక్కడం ఒక ఎత్తు, అక్కడ గానుగెద్దులా తిరగడం మరో ఎత్తు. లిఫ్టు ఇంకా రాలేదు, దానికోసం కింద వదిలిన గోతిలో రాత్రి వాన నీళ్లు నిలిచి ఉన్నాయి.

సన్నటి మనిషి. యాభై దాటాయి. బొటనవేలి గోరు కింద నీలం మరక ఒకటి ఉంది. అది తెరలు గీసిన రోజుల నాటి రంగు, ఇంకా పోలేదంటాడు. కాదు, తలుపు సందులో పడి కమిలిన వేలు అంటుంది భార్య ప్రేమమణి. మామూలుగా ఆవిడ అన్నదే నిజమవుతుంది.

తెరలు గీసిన మాట మాత్రం నిజమే. వయసులో ఉండగా రెజిమెంటల్ బజారు స్టూడియోలకు గుడ్డ తెరలు గీసి ఇచ్చేవాడు. ఎన్ని కొత్త జంటలు అతని కాశ్మీరు సరస్సు ముందు బిగుసుకుపోయి నిలబడ్డాయో! గీసినవాడు మాత్రం కాజీపేట దాటి ఎరగడు. స్టూడియోలు ఒక్కొక్కటే మూతపడ్డాక ఒక తెరను ప్రేమమణి వంటింటి గుమ్మానికి వాన జల్లు కొట్టకుండా కట్టింది. "నీ కాశ్మీర్‌కు ఇన్నాళ్లకు జెర పని దొరికింది" అని నవ్వింది. అతనూ నవ్వాడు. పని లేని మగవాడి నవ్వు ఎలా ఉంటుందో ఆవిడకు తెలుసు కనుక మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత చాలా కాలానికి రాంగోపాల్‌పేట్‌లో పురుషోత్తం ఆఫీసు దొరికింది. ఇంకా పూర్తికాని ఇళ్లకు కంప్యూటర్లో లోపలి బొమ్మలు తయారుచేసి, కొనేవాళ్లకు చూపించి అమ్మిపెట్టే ఆఫీసు అది. బొమ్మలో సోఫా ఉంటుంది, పూలకుండీ ఉంటుంది. అవన్నీ ఉత్తవే. కిటికీ బయట మాత్రం ఆ మేడ మీంచి తీసిన అసలు ఫొటో పెడతారు. బయట తమకు తెలిసిన సికింద్రాబాద్ కనిపించేసరికి చూసేవాళ్లు సోఫాను కూడా నమ్మేస్తారు. ఆ ఫొటో తీయడం, అతకడం, మెరుగులు దిద్దడం జీవరాజు పని.

వేసవిలో తీసిన ఫొటోలో ఊరంతా ఎండిపోయినట్టుంది, వానలు పడ్డాయి కదా, పచ్చగా మళ్లీ తీసుకురమ్మన్నాడు పురుషోత్తం. అందుకే ఈ పొద్దున ఇక్కడికి వచ్చాడు. మూడు దిక్కులా మేడలు, ట్యాంకులు, ఆరేసిన బట్టలు. తూర్పున, ప్రహరీ అవతల, సమాధుల తోట. గడ్డి మోకాలెత్తు లేచింది. సిలువలు వానకు కడుక్కుని తెల్లగా ఉన్నాయి. గోడవారన జీవరాజు నాన్న ఉన్నాడు. గుల్‌మొహర్ చెట్టు కింద కొత్త మట్టిదిబ్బ ఒకటి, దాని మీద తడిసి బరువెక్కిన బంతిపూల దండలు. ఎవరో పాపం అనుకుని జీవరాజు కెమెరా సర్దుకున్నాడు.

చెట్టును చూస్తే టీచరమ్మ గుర్తొచ్చింది. గుర్తు రాని రోజు ఈ మధ్య లేదు.

వేసవిలో ఆఫీసుకు వచ్చింది ఎలీసబెతు టీచరమ్మ. బడినుంచి రిటైరై చాలా కాలమైన మనిషి. కాకినాడ వైపునుంచి కోడలిగా వచ్చి ఇక్కడే స్థిరపడింది. చేతి సంచీలోంచి ముందు కళ్లజోడు తీసింది, ఆపైన ఒక పాత దుర్భిణి తీసి ఒళ్లో పెట్టుకుంది. తూర్పు ఫ్లాటు చూపించమంది. మేడ ఎక్కి చూసే ఓపిక ఆమెకు లేదు. పురుషోత్తం కంప్యూటర్లో గది తెరిచి కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. బయట పచ్చగడ్డి, చెట్లు, నడవడానికి బాట. అన్నీ జీవరాజు కంప్యూటర్లో పరిచినవే.

"ఇది తూర్పేనా బాబూ?"

"తూర్పే మేడం. పార్క్ వ్యూ."

"మరి మా వారు కనపడరేం?" అంది టీచరమ్మ. పురుషోత్తం తెల్లమొహం వేశాడు. "మా జెరెమియా గారండీ. అక్కడ సమాధుల తోటలో, గుల్‌మొహర్ చెట్టు కింద ఉన్నారు. నా మోకాళ్లు పనికిరాకుండా పోయాయి, వెళ్లలేకపోతున్నాను. కిటికీలోంచి కనపడితే చాలని వచ్చాను. ఇదిగో, ఇది కూడా తెచ్చుకున్నాను." దుర్భిణి ఎత్తి చూపించింది. పెరేడ్ గ్రౌండ్స్‌లో కవాతు చూడడానికి ఆయన మిలిటరీ వేలంలో కొన్నాడట.

వెనక సోఫాలో మరో ఫ్లాటు కోసం వచ్చిన దంపతులు చెవులు రిక్కించి కూర్చున్నారు. పురుషోత్తం వాళ్లవైపు చూశాడు, తర్వాత జీవరాజువైపు చూశాడు. "అది ఇటు దిక్కు కాదు మేడం. మస్తు దూరం" అన్నాడు.

జీవరాజు నోరు తెరిచాడు. మళ్లీ మూసుకుని కీబోర్డు మీది దుమ్ము తుడిచాడు.

"అయితే నేనే దారి పొరబడినట్టున్నాను. వయసు చూడండి, ఏం చేస్తుందో" అని టీచరమ్మ తనమీద తనే నవ్వుకుంది. మెట్లు దిగేటప్పుడు జీవరాజే చెయ్యి పట్టుకుని దింపాడు. రెజిమెంటల్ బజారులో మందుల షాపు పక్క సందు మాది, ఎప్పుడైనా రా బాబూ అంది. మెట్ల మీద వాళ్లిద్దరూ తప్ప ఎవరూ లేరు. అప్పుడైనా చెప్పవచ్చు. చెప్పలేదు. ఉద్యోగం లేని రోజులు అతన్ని అంతగా భయపెట్టాయి. ఆ తర్వాత రేపు వెళదాం, ఆదివారం వెళదాం అనుకుంటూ వానాకాలం దాకా లాక్కొచ్చాడు. ఫ్లాటు ఇంకా అమ్ముడుపోలేదు కదా అన్నదొక్కటే అతని ధైర్యం.

ఆఫీసులో అడుగుపెట్టగానే ఆ ధైర్యానికీ నూకలు చెల్లాయి.

"రాజన్నా, తూర్పు ఫ్లాట్‌కు రేపు పొద్దున పార్టీ వస్తున్నది. టోకెన్ అడ్వాన్స్ ఇచ్చి పోతరు. సాయంత్రం లోపల వ్యూ సాఫ్ చేసి పెట్టు."

"సమాధులు సార్..."

"ఒక్క సిలువ సుత కనిపించొద్దు. కొనెటోళ్లను ముందే పరేషాన్ చేసుడు ఎందుకు?"

పురుషోత్తం చెడ్డవాడేమీ కాదు. క్రిస్మస్‌కు గుర్తు పెట్టుకుని కేకు తెప్పిస్తాడు. చచ్చినవాళ్లను చూస్తూ కాఫీ తాగాలని ఎవరికీ ఉండదని అతని నమ్మకం. ఒకరికి ఉందని తెలిసినా, ఒకరి కోసం పదిమందిని పోగొట్టుకునే వ్యాపారి కాదు.

మధ్యాహ్నమంతా జీవరాజు గడ్డి పరిచాడు. నాన్న సమాధి మీద మొదటిసారి గడ్డి పరిచిన రోజు మధ్యలో లేచి బయటికి వెళ్లిపోయాడు. ఇవాళ లేవలేదు, అందుకు అతనికి తనమీద తనకే అసహ్యం వేసింది. సిలువలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. గుల్‌మొహర్ కింది దిబ్బ మాత్రం మొండికేసింది. ఎంత పచ్చదనం పూసినా అడుగునుంచి ఎర్రమట్టి తొంగిచూస్తూనే ఉంది. విసుగొచ్చి ఇంకో ఫొటోలోంచి పూలపొద ఒకటి తెచ్చి దాని మీద పెట్టాడు. పొద అక్కడ చక్కగా అమరింది.

పురుషోత్తం టీకి కిందికి దిగినప్పుడు, పొద్దున తీసిన ఫొటోను, ఏమీ చెరపనిదాన్ని, పొడుగాటి కాగితం మీద ప్రింటు తీశాడు. చుట్ట చుట్టి రబ్బరు బ్యాండు వేశాడు. ఈ సంగతి బయటపడితే ఉద్యోగం ఉండదు. ప్రేమమణికి ఏం చెప్పాలో ఆలోచించాడు. అయినా ఇవాళ వెళ్లకపోతే ఇక వెళ్లి ప్రయోజనం లేదు. తూర్పు కిటికీలోంచి ఆయన కనిపిస్తారమ్మా, రేపు పొద్దున్నే మీరే ముందు రండి అని చెప్పాలి. దారి పొడుగునా ఆ మాటే వల్లె వేసుకున్నాడు.

మందుల షాపు పక్క సందులో తలుపు తీసే ఉంది. గుమ్మం బయట ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి దూర్చి పెట్టి ఉన్నాయి. నడివయసు స్త్రీ ఒకామె బయటికి వచ్చింది. పేరు ప్రిసిల్లా అనీ, టీచరమ్మ మరిది కూతురిననీ చెప్పింది.

"టీచరమ్మ ఉన్నరా?"

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "మీకు తెల్వదా? పెద్దమ్మ పోయిన సోమవారం ప్రభువునందు నిద్రించిండ్రు. నిన్ననే ఇంట్ల ప్రార్థన, ఆదరణ కూడిక అయింది."

జీవరాజు కాగితపు చుట్టను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"లోపలికి రండి. ఏందది?"

అతను రబ్బరు బ్యాండు తీసి విప్పాడు. బల్ల మీద పరిచి ఆమె అంచులు పట్టుకుంది. మేడలూ ట్యాంకులూ దాటి ఆమె వేలు తూర్పుకు వచ్చి, గుల్‌మొహర్ చెట్టు కింద ఆగింది.

"ఇదే పెద్దమ్మది. పక్కకు పెదనాయన." బంతిపూల మీద వేలు నిలిపి, "నేను ఏసిన దండలు" అంది.

జీవరాజుకు పూలపొద గుర్తొచ్చింది. పొద్దున ఎవరో పాపం అనుకున్నదీ, మధ్యాహ్నం విసుక్కుని పూడ్చిందీ ఆమెనే.

"ఎక్కడ నిలబడి తీసిండ్రు?"

"ఆ కొత్త బిల్డింగ్ మీద. టీచరమ్మ అడిగిన ఇల్లే. తూర్పు కిటికీ కాడ."

ప్రిసిల్లా కాగితం మీది ముడతను అరచేత్తో సాపు చేసింది. "అంటే కనిపిస్తదన్నట్టు."

"కనిపిస్తది."

"తను దిక్కు మరిచిపోయినని, మతి పోతున్నదని ఎంత బాధపడ్డదో. డాక్టర్ దగ్గరికి సుత తీస్కపోయినం." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని జీవరాజుకు అనిపించింది.

"ఆమె ఏం మరువలేదమ్మా" అన్నాడు. "ఆమెకు చూపిచ్చిన బొమ్మలో నేనే సమాధుల మీద గడ్డి పరిచిన. ఆమెకు అంతా సరిగ్గనే యాదికున్నది."

కాగితాన్ని అక్కడే వదిలేసి లేచాడు. గుమ్మం దాటబోతూ ఒకసారి వెనక్కి తిరిగాడు. మంచం పక్కన చిన్న కిటికీ ఉంది. దాని బయట, చేయి చాస్తే అందేటంత దగ్గరలో, పక్కింటి సిమెంటు గోడ. కిటికీ గట్టు మీద, శుభ్రంగా తుడిచిన అద్దాలతో, తోలు పట్టీ మడిచి పెట్టి, పాత దుర్భిణి ఆ గోడవైపు తిరిగి ఉంది.