ఊదితేనే తాళంచెవి

"చంపేయండ్రా ఈణ్ణి!"

ముత్తుకూరు బస్సు షెడ్డు గేటు ముందు డ్రైవరు అల్లాబక్షు నేలమీద పడి ఉన్నాడు. కనుబొమ్మ పగిలి నెత్తురు చెంప మీదికి కారుతోంది. చుట్టూ ఉప్పుమడుల్లో పనిచేసే కొటారు కూలీలు. వాళ్ల మనిషి చిన్నపోలయ్య తెల్లవారి పనికి పోతూ ఈ షెడ్డు బస్సు కింద పడి చచ్చిపోయి ఇంకా గంట కాలేదు. కృష్ణపట్నానికి ఖాళీగా బయల్దేరిన కొత్త బస్సు మలుపు దగ్గర తాటిచెట్టుకు ముక్కు గుద్దుకుని నిలబడి ఉంది.

హెడ్ కానిస్టేబులు హజరత్తయ్య లాఠీ అడ్డం పెట్టి జనాన్ని వెనక్కి నెట్టాడు.

మేనేజరు కామాక్షయ్య ఒక సారాసీసా పైకెత్తి చూపించాడు. "డ్రైవరు సీటు కింద దొరికింది సార్. పొద్దున్నే పట్టించినాడు."

గేటు పక్కన నిలబడిన రెబెక్కమ్మ ఆ సీసా వైపు చూసింది. బస్సు అద్దాలు పొడిపొడి అయ్యాయి. సీటు కింది సీసాకు గీత కూడా పడలేదు!

ఆ షెడ్డులో ఒక నియమం ఉంది. ప్రతి బస్సు స్టీరింగుకూ ఇనుప గొలుసు, గొలుసుకు తాళం. డ్రైవరు ముందు ఊదాలి. వాసన లేదంటేనే తాళంచెవి. ఓనరు పద్మనాభయ్య పెట్టిన నియమం అది. మద్యనిషేధం మీద నెల్లూరులో ఎక్కడ సభ జరిగినా ఆయన ఇదే మాట చెప్పేవాడు: "నేను గొలుసు కడితే చాలదు. బస్సులు తయారుచేసే కంపెనీలే తాగినవాడికి కదలని తాళం పెట్టి పంపాలి. సర్కారు చట్టం చేసి మరీ పెట్టించాలి." జనం చప్పట్లు కొట్టేవారు.

ఒకరి నోరు ఇంకొకరు వాసన చూడటం పాచిపని. షెడ్డులో ఏ మగవాడూ ఒప్పుకోలేదు. కనుక అది మాలపల్లె నుంచి వచ్చి షెడ్డు ఊడ్చే రెబెక్కమ్మకు అంటగట్టారు. నెలకు పాతిక రూపాయల జీతం, షెడ్డు వెనక గుడిసె.

"ఏమ్మే రెబెక్కా, సార్‌కి చెప్పు," అన్నాడు కామాక్షయ్య. "ఊదమంటే ఊదకుండా, నీ చేతిలో తాళంచెవి లాక్కుని పోయినాడు గదా? ఆ గుడిసె ఎవురిదో గుర్తుపెట్టుకుని చెప్పు."

అల్లాబక్షు మోచేతుల మీద లేచాడు.

"సార్! బస్సు గుద్దింది నామీదేసుకుంటానని ఒప్పుకున్నా. తాగినానంటే మాత్రం ఒప్పుకోను. అయిదు పూటలా నమాజు చేసే నోరు సార్ ఇది!"

హజరత్తయ్య కళ్లు చిన్నవయ్యాయి. "నీమీదేసుకోడమేందిరా? తోలింది నువ్వు కాదా?"

అల్లాబక్షు చూపు ఒక్కసారి ఆఫీసు వరండా మీదికి పోయి, కాలినట్టు కిందికి వాలింది.

వరండాలో పద్మనాభయ్య ఖద్దరు పంచెలో నిలబడి ఉన్నాడు. తల తడిగా ఉంది. దవడ నిండా తాంబూలం. "దెబ్బకు మతి చలించినట్టుంది హజరత్తయ్యా. ముందు స్టేషనుకు తీసుకుపో. మిగతాది నేనొచ్చి మాట్లాడతా."

రెబెక్కమ్మ గమనించింది. భోంచేయకుండా ఏనాడూ ఆకు వేసుకోని మనిషి! కోడికూతప్పుడే స్నానం చేసిన మనిషికి ఇప్పుడు మళ్లీ తల తడి ఎందుకు?

"దయ్యం తోలిందా ఏంది మీ బస్సు?" గుంపులోంచి ఒక ఉప్పుకూలీ అరిచాడు. "ఊదించండబ్బా! అందుకేగా ఆయమ్మిని పెట్టుకున్నారు!"

రెబెక్కమ్మ వంగింది. "ఊదన్నా."

అల్లాబక్షు ఊదాడు.

"నోట్లో సారా లేదు సామీ."

"దీని మాట ఎవురిక్కావాల?" అని కామాక్షయ్య కసురుకున్నాడు. హజరత్తయ్య అతణ్ణి పక్కకు తోసి తానే వంగి చూశాడు. తర్వాత చొక్కా వాసన చూశాడు.

"చొక్కా మీద ఉండాది. నోట్లో లేదు. ఎవురు పోసినారయ్యా కామాక్షయ్యా?"

కామాక్షయ్య సీసాను వీపు వెనక్కి దాచుకున్నాడు. గుంపు ఒక అడుగు ముందుకు జరిగింది. ఇప్పుడు వాళ్ల చూపు అల్లాబక్షు మీద లేదు.

"తాళంచెవి ఎవురికిచ్చినావమ్మా?" హజరత్తయ్య గొంతు తగ్గించాడు.

"అల్లాబక్షన్నకే సామీ. ఊదినాకనే ఇచ్చినా. గొలుసు ఆయనే తీసినాడు. తర్వాత..."

తర్వాత, కొత్త బస్సు తానే తోలతానంటూ ఇంకో మనిషి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. అల్లాబక్షు పక్కకు జరిగాడు. ఆ మనిషిని ఆమె ఊదమనలేదు. అనాలని తట్టనే లేదు. ఆ మనిషి ఎదురైతే నాలుగు బారలు ఎడంగా నిలబడటం ఆమెకు చిన్నప్పటి నుంచి అలవాటు. అంత దూరం నుంచి వాసన ఏం తెలుస్తుంది? ఆ ఎడం వల్లే ఇవాళ చిన్నపోలయ్య చచ్చిపోయాడు. ఆ ఎడం వల్లే అల్లాబక్షు జైలుకు పోబోతున్నాడు.

రెబెక్కమ్మ వరండా వైపు నడిచింది.

"ఏయ్! యాడికే?" కామాక్షయ్య కేకపెట్టాడు.

మొదటి మెట్టు ఎక్కింది. ఆ మెట్లు బయటినుంచి ఊడ్చడమే తప్ప ఆమె ఏనాడూ పాదం పెట్టలేదు. రెండో మెట్టు. మూడోది. పద్మనాభయ్య వెనక్కు జరిగి కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. వీపు గోడకు తగిలింది.

"గుడ్డ తియ్యండయ్యా," అంది రెబెక్కమ్మ. "ఊదండి."

"మైలపడతాను, దిగు! దిగమంటుంటే!"

ఆ మాటతోపాటు, తమలపాకు ఘాటును దాటుకుని, బ్రాందీ వాసన ఆమె ముఖానికి కొట్టింది.

"ఎవురమ్మా తోలింది?" కింద నుంచి హజరత్తయ్య అడిగాడు. "పేరు చెప్పు."

రెబెక్కమ్మ పల్లెలో ఆ పేరు ఎవరూ పలకరు. 'అయ్య' అంటారు, అంతే. ఆమె ఆయన లోపలికి పోకుండా ఆఫీసు తలుపుకు అడ్డంగా నిలబడి, కూలీలందరికీ వినబడేట్టు గొంతెత్తింది.

"పద్మనాభయ్య! తాగి బస్సు తోలింది పద్మనాభయ్య!"