బ్రేకు మాస్టారి ముక్కు

కారు నడపడం నేర్పే ఆయన్ని అందరూ బ్రేకు మాస్టారనేవారు. ఎదర పిట్ట ఎగిరినా సరే, పక్కసీట్లోంచి "బ్రేకు!" అని గావుకేక పెట్టడం ఆయన అలవాటు. అలాంటి మనిషిని ఆసుపత్రిలో రెండు చేతులూ కదపకుండా పడుకోమన్నారు.

ఆయన మూత్రపిండాలు ఒంట్లో ప్రొటీన్‌ని చిల్లుకుండల్లా కార్చేస్తున్నాయి. మాత్రలు మింగగా మింగగా మొహం గుమ్మడికాయంత అయిందే తప్ప కారడం ఆగలేదు. అందుకని ఇప్పుడు ఒక చేతి సూదిలోంచి రక్తాన్ని యంత్రంలోకి లాగి, అందులో కొవ్వు వడకట్టి, రెండో చేతి సూదిలోంచి తిరిగి ఎక్కిస్తున్నారు. దీనికీ లొంగకపోతే ముందుముందు డయాలసిస్ తప్పకపోవచ్చని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది. "చూద్దాం లెండి" అన్నారు మాస్టారు, ఎవరి కారుకో బాగోలేనట్టు. ఆనాటి నుంచీ ఆయనకి కంటిమీద కునుకు లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. భయపడే మనిషి పక్కన కూర్చుని కారు ఎవరు నేర్చుకుంటారు?

భార్యకి సూది చూస్తే కళ్లు తిరుగుతాయి కాబట్టి తోడుగా తమ్ముణ్ని పంపింది. వాచీలు బాగుచేసే ఆ బావమరిదికీ మాస్టారికీ ఏడాదిగా మాటల్లేవు. బావ నేర్పుతుండగా బావమరిది కారు తీసుకెళ్లి బావగారి గేటుకే గుద్దాడు. తప్పు నడిపినవాడిదని బావ, చెవిలో అరిచినవాడిదని బావమరిది. ముందు ఎవరు పలకరిస్తే వాళ్లు తప్పొప్పుకున్నట్టేనని ఇద్దరికీ చెప్పకుండానే తెలుసు.

"సిస్టర్, ఆ కుర్చీలో ఆయన్ని ఫ్యాను తగ్గించమనండి."

"సిస్టర్, ఎంత తగ్గించాలో పడుకున్నాయన్ని చెప్పమనండి."

"మీ రాయబారాలు మొయ్యడానికి నాకు జీతమివ్వరు" అని నర్సు పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

సరిగ్గా అప్పుడే మాస్టారి ముక్కు దురద పెట్టింది. మూతి అటు తిప్పారు, ఇటు తిప్పారు. కింది పెదవితో పైకి ఊదారు. బావమరిది పైకప్పు కేసి చూస్తూ కూర్చున్నాడు. ఇక ఆగలేక భుజానికి రాసుకోబోయేసరికి చెయ్యి మెలిపడి యంత్రం కుయ్యోమంది. నర్సు పరుగెత్తుకొచ్చింది.

"ఇంకోసారి కదిపారంటే సూది జారుతుంది. ఇవాళ్టికి చికిత్స ఆపెయ్యాల్సిందే!"

మాస్టారు చేతులు రెండూ కర్రల్లా బిగబట్టారు. ముక్కు మాత్రం ఎవరి మాటా వినే స్థితిలో లేదు. నర్సు అటు వెళ్లగానే ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఒరేయ్... ముక్కు."

"ఎవర్నండీ?"

"నిన్నేరా! గోకరా బాబూ!"

"మరి ఆ గేటు తప్పు?"

"నాదే! నాదే! నా వంశానిది! ముందు గోకు!"

బావమరిది తాపీగా లేచి, వాచీలో ముల్లు సరిచేసే నాజూకుతో వేలు ఆనించాడు.

"ఎడమకి. ఇంకొంచెం. మరీ అంత కాదు, మెల్లిగా... తిన్నగా పోనీ... బ్రేకు!"

వేలు ఠక్కున ఆగింది, సరిగ్గా దురద మీద. మాస్టారు "అబ్బ" అని కళ్లు మూసుకున్నారు. ప్రాణం లేచొచ్చింది. ఆ మూసిన కళ్లలోంచే, ఆయన ప్రమేయం లేకుండా, నీళ్లు కారడం మొదలెట్టాయి. దాచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

"ఏంటి బావా, గట్టిగా గీరుకుందా?"

"లేదురా. భయంగా ఉంది. ఇదీ పనిచెయ్యకపోతే..."

బావమరిది జేబురుమాలు తీసి, బావ చెప్పకుండానే ముందు ఒక కన్ను, తర్వాత రెండో కన్ను తుడిచాడు. తనవీ తుడుచుకున్నాడు.

"నాకూ భయమే బావా. అయినా సగం దారిలో దిగిపోతామా ఏంటి? కానివ్వండి, నేనున్నాగా."

బావమరిది కుర్చీ మంచం దగ్గరికి జరుపుకున్నాడు.

"అక్కకి చెప్పకు" అన్నారు మాస్టారు.

"ఏది? తప్పొప్పుకున్నారనా, ఏడ్చారనా?"

మాస్టారు కాస్త ఆలోచించారు.

"తప్పొప్పుకున్నానని చెప్పకు. ఏడ్చానని చెప్పు. పాపం, వంటింట్లో కుక్కరు కూతేసినప్పుడల్లా ఆ చప్పుడులో ఏడుస్తోంది మీ అక్క. నాకు వినపడదనుకుంటోంది."